టిఫిన్ బండికి స్వనిధి అప్పు: సర్వే నుంచి మూడో విడత దాకా నా అనుభవం

గోదావరి జిల్లాల్లోని ఒక మున్సిపాలిటీలో, బస్టాండు రోడ్డు మీద నడిచే టిఫిన్ బండికి 2020 నుంచి వరసగా మూడుసార్లు పీఎం స్వనిధి (వీధి వ్యాపారులకు పూచీకత్తు లేకుండా అప్పిచ్చే కేంద్ర పథకం) అప్పు తీసుకున్నాను. మొదట 10,000, తర్వాత 20,000, ఆ పైన 50,000. మా రోడ్డులో ఇంకో పదిహేను పదహారు బళ్ళవాళ్ళు దరఖాస్తు పెట్టినప్పుడు పక్కనే ఉన్నాను. ఎవరి కాగితం ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో కళ్ళారా చూశాను. గోడకు అంటించిన పోస్టరులోని నాలుగు ముక్కలు చదివి నేరుగా బ్యాంకుకు వెళ్ళినవాళ్ళు గుమ్మం దగ్గరే వెనక్కి వస్తున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ పథకం 2020 జూన్ 1న మొదలైంది. అప్పు ఇచ్చేది బ్యాంకు. వడ్డీలో 7 శాతం భరించేది కేంద్రం. కానీ "ఈ మనిషి మా ఊళ్ళో ఫలానా చోట వ్యాపారం చేస్తున్నాడు" అని చెప్పాల్సింది మాత్రం మున్సిపాలిటీ. ఆ ఒక్క మాట కాగితం మీద లేకపోతే మిగతా కాగితాలు ఎన్ని ఉన్నా పనికి రావు. కాబట్టి పని మొదలుపెట్టాల్సింది మున్సిపల్ ఆఫీసులో, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) విభాగం దగ్గర. ఆంధ్రలో అయితే వార్డు సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీని, మీ వీధి పొదుపు సంఘాలు చూసే ఆర్పీని (రిసోర్స్ పర్సన్) కలవాలి. తెలంగాణలోనూ మున్సిపాలిటీలో ఈ పని చూసేది మెప్మావాళ్ళే.

వాళ్ళని అడగాల్సిన మొదటి ప్రశ్న: "సర్వేలో నా పేరు ఉందా?"

వీధి వ్యాపారుల చట్టం 2014 మే 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మున్సిపాలిటీ అయిదేళ్ళకు ఒక్కసారైనా వీధి వ్యాపారులందరినీ సర్వే చేయాలి. సర్వేలో పేరున్నవాళ్ళకి వ్యాపార ధ్రువపత్రం, గుర్తింపు కార్డు ఇవ్వాలి. సర్వే అంటే మనిషి ఫోనులో యాప్ తెరుచుకుని బండి దగ్గరికి వస్తాడు. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, ఏం అమ్ముతున్నారు, ఒకే చోట ఉంటారా తిరుగుతారా, ఎన్నేళ్ళుగా అన్నవి రాసుకుంటాడు. బండితో పాటు మనిషిని నిలబెట్టి ఫొటో తీస్తాడు. ఆ ఫొటోతో పాటు స్థలం గుర్తు కూడా నమోదవుతుంది. అయిదారు నిమిషాల పని. ఆ సమయానికి బండి దగ్గర మీరు లేకపోతే మీరు లేనట్టే.

పేర్లు జారిపోయేది ఇక్కడే. సర్వేవాళ్ళు ఆఫీసు వేళల్లో వస్తారు. సాయంత్రం అయిదింటికి బండి పెట్టే మిర్చి బజ్జీలవాళ్ళు, రాత్రి ఎనిమిదింటికి వచ్చే నూడుల్స్ బండివాళ్ళు, తెల్లవారుజామున నాలుగింటికి ఆకుకూరలు అమ్మి ఏడుకల్లా ఇంటికెళ్ళిపోయేవాళ్ళు వాళ్ళకి కనబడరు. మా రోడ్డులో పొద్దున్న బళ్ళు దాదాపు అన్నీ నమోదయ్యాయి. సాయంత్రం బళ్ళలో సగానికి సగం లేవు. ఇంకో పొరపాటు ఏమిటంటే, బండి దగ్గర ఆ పూట కొడుకో కోడలో ఉంటే వాళ్ళ ఆధార్ ఇచ్చేస్తారు. కార్డు ఆ పేరు మీదే వస్తుంది. ఆ మనిషి తర్వాత వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళిపోతే ఇక్కడ బండి నడిపే మనిషికి కాగితం ఉండదు. కార్డు ఇంకొకరికి మార్చడానికి, అద్దెకివ్వడానికి చట్టం ఒప్పుకోదు. కార్డుదారు చనిపోయినా, మంచాన పడినా మాత్రం భార్యో భర్తో, ఆధారపడిన పిల్లలో గడువు తీరేదాకా నడుపుకోవచ్చు. కాబట్టి రోజూ బండి మీద నిలబడేది ఎవరో వాళ్ళ పేరే ఇవ్వాలి.

సర్వేలో పేరు లేనివాళ్ళకి దారి మూసుకుపోలేదు. సిఫారసు లేఖ అని ఒకటుంది. మున్సిపాలిటీయే ఇస్తుంది. దానికి ఏదో ఒక రుజువు అడుగుతారు. మా దగ్గర బాగా పనికొచ్చింది ఆశీలు రసీదు. రోజూ బండికింత అని కాంట్రాక్టరు మనిషి వసూలు చేసి చింపి ఇచ్చే ఆ చిన్న చీటీని అందరూ పొయ్యిలో పడేస్తారు. పడేయకండి. నెలకో నాలుగు చీటీలు, తేదీ కనబడేవి, ఒక కవరులో వేసి ఉంచితే చాలు. ఆశీలు లేని చోట బళ్ళ సంఘం సభ్యత్వ కార్డు పనిచేస్తుంది. నిబంధన ప్రకారం లేఖ కోసం పెట్టిన అర్జీని 15 రోజుల్లో తేల్చాలి. నోటిమాటగా అడిగితే రోజులు లెక్కకు రావు. తెల్లకాగితం మీద అర్జీ రాసి, రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ స్టాంపు (అందినట్టు ఆఫీసు వేసే ముద్ర) వేయించుకోవాలి. స్టాంపు వేయించుకున్న అర్జీలకు మా దగ్గర రెండు మూడు వారాల్లో లేఖలు వచ్చాయి. నోటితో చెప్పి వచ్చినవాళ్ళు మూడు నెలలు తిరిగారు.

పక్క పల్లెటూళ్ళ నుంచి సైకిలు మీద కూరగాయలు తెచ్చి పట్టణంలో అమ్మేవాళ్ళు కూడా అర్హులే. మీ ఇల్లు పంచాయతీలో ఉందని వెనక్కి పంపితే, అమ్మేది మున్సిపాలిటీ హద్దుల్లో అని గట్టిగా చెప్పండి. వాళ్ళ కోసం పథకంలో వేరే వర్గమే ఉంది. వాళ్ళకీ ఈ సిఫారసు లేఖే ఆధారం.

దరఖాస్తు ఆన్‌లైనులోనే పెట్టాలి. మీ సేవలాంటి కేంద్రంలో పెట్టినా, ఆర్పీ ఫోనులో పెట్టినా ఒకటే. ముందు చూసుకోవాల్సింది ఆధార్‌కి ఫోన్ నంబరు కలిపి ఉందా, ఆ నంబరు ఇప్పుడు మీ చేతిలో ఉందా అన్నది. ఓటీపీ దానికే వస్తుంది. మా రోడ్డులో ఎక్కువమందికి అడ్డం పడింది ఇదే. ఎప్పుడో తీసుకున్న సిమ్ము, రీచార్జి చేయక పోయింది. ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించడానికి అప్పట్లో 50 రూపాయలు. మారడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ పని అయ్యాకే దరఖాస్తుకు కూర్చోవాలి.

రెండోది పేరు. ఆధార్‌లో ఇంటి పేరు ముందుండి, బ్యాంకు పుస్తకంలో వెనక ఉంటే కంప్యూటరుకి ఇద్దరు మనుషులు. పెళ్ళయిన ఆడవాళ్ళకి ఒకదాంట్లో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో అత్తింటి పేరు ఉంటుంది. దరఖాస్తులో ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం మారకుండా రాయించాలి. బ్యాంకు ఖాతాలో పేరును ఆధార్ ప్రకారం మార్పించుకోవాలి. ఆధార్‌తో పాటు ఓటరు కార్డు దగ్గర పెట్టుకోండి. పాన్ కార్డు ఉంటే మంచిది.

మూడోది ఏ బ్యాంకు అన్నది. దరఖాస్తులో ఇష్టమైన బ్యాంకు ఎంచుకోమంటుంది. పొదుపు ఖాతా ఉన్న బ్యాంకునే, అందులోనూ పట్టణంలో ఉన్న శాఖనే రాయించాలి. ఖాతా పుట్టింటి ఊరి శాఖలో ఉందనుకోండి, ఆ మేనేజరు "మీ బండి మా పరిధిలో లేదు" అంటారు. పట్టణం శాఖవాళ్ళు "మీ ఖాతా మా దగ్గర లేదు" అంటారు. ముందే ఖాతాను పట్టణం శాఖకు మార్పించుకుంటే ఈ తిరుగుడు ఉండదు. ఖాతా మార్చడానికి ఒక అర్జీ, పాస్‌బుక్కు, ఆధార్ నకలు చాలు, నంబరు మారదు.

దరఖాస్తు వెళ్ళాక దాని స్థితి చూసుకుంటూ ఉండాలి. పికప్ అని వస్తే ఒక బ్యాంకు దాన్ని చేతిలోకి తీసుకుందని అర్థం. శాంక్షన్ అంటే మంజూరయింది, ఇంకా డబ్బు పడలేదు. డిస్బర్స్ అంటే పడింది. రిటర్న్ అని వస్తే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. అది ముగిసిపోయినట్టు కాదు. బ్యాంకు వెనక్కి పంపిన దరఖాస్తు మార్కెట్‌ప్లేస్ అనే చోట నిలబడి ఉంటుంది. ఇంకో బ్యాంకు దాన్ని తీసుకోవచ్చు. అక్కడ కారణం కూడా రాసి ఉంటుంది, అది చదివించుకోవాలి. "వ్యాపారి సంప్రదించలేదు" అన్న కారణం మా దగ్గర ఎక్కువ చూశాను. పొద్దున్న పదకొండింటికి బ్యాంకువాళ్ళు ఫోను చేస్తారు. బండి మీద జనం ఉంటారు, తెలియని నంబరని ఎత్తరు. రెండుసార్లు చేసి వెనక్కి పంపేస్తారు. దరఖాస్తు పెట్టిన నెల రోజులూ ప్రతి ఫోనూ ఎత్తండి.

ఇంకో కారణం పాత బాకీ. పొదుపు సంఘం అప్పులో మీ వాటా నిలిచిపోయి ఉన్నా, ఎవరికో హామీ పడి వాళ్ళు కట్టకపోయినా బ్యాంకు కంప్యూటరులో కనబడుతుంది. సంఘం లీడరుని వెంటబెట్టుకుని వెళ్ళి, మీ వాటా కట్టినట్టు సంఘం పుస్తకం చూపిస్తే కొన్ని చోట్ల ఒప్పుకున్నారు. ఆస్తి తాకట్టు, హామీదారు సంతకం ఈ అప్పుకి అక్కర్లేదు. ఎవరైనా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయమంటే, పాలసీ తీసుకోమంటే వద్దని చెప్పే హక్కు మీకుంది. మర్యాదగా, "సారూ, స్వనిధికి పూచీకత్తు లేదు కదండీ, మెప్మా వాళ్ళని అడిగి వస్తాను" అంటే చాలావరకు అక్కడితో ఆగుతుంది.

డబ్బు పడే ముందు ఖాతాలో మైనస్ ఏమైనా ఉందేమో చూసుకోండి. ఖాతా చాలా కాలం ఖాళీగా ఉంటే కనీస నిల్వ లేదని, ఎస్సెమ్మెస్ చార్జీలని బాకీ పేరుకుని ఉంటుంది. అప్పు పడగానే ముందు అది కోసేస్తుంది. మా పక్క పళ్ళ బండికి 10,000 మంజూరై చేతికి 9,100 చిల్లర వచ్చింది. ఆ తేడా ఎవరో తిన్నారని పెద్ద గొడవ జరిగింది. స్టేట్‌మెంటు తీయిస్తే తేలింది, పాత చార్జీలు.

ఇప్పుడు లెక్క. బళ్ళవాళ్ళకి అలవాటైనది డైలీ ఫైనాన్స్. 10,000 రాసుకుని 9,000 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మన చేతిలో ఉన్నది 4,500 మాత్రమే. 4,500కి వంద రోజులకు వెయ్యి వడ్డీ అంటే ఏడాదికి 80 శాతం పైన. అదే బ్యాంకులో 12 శాతం వడ్డీ వేసుకున్నా, 10,000కి పన్నెండు నెలల కిస్తీ 888 చొప్పున పడుతుంది. ఏడాది మొత్తానికి వడ్డీ 662. అందులో 7 శాతం వాటా, అంటే దాదాపు 386 రూపాయలు, సబ్సిడీగా వెనక్కి మన ఖాతాలో పడుతుంది. మిగిలే భారం 276. బ్యాంకును బట్టి వడ్డీ కొంచెం అటూ ఇటూ ఉంటుంది, తేడా ఎంతో మాత్రం ఈ లెక్కలో కనబడుతుంది.

అయితే డైలీ ఫైనాన్స్‌కి ఒక బలం ఉంది. వాళ్ళ మనిషి రోజూ బండి దగ్గరికే వస్తాడు. బ్యాంకు రాదు. నెలకోసారి ఖాతాలోంచి కోసుకుంటుంది. ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే బౌన్సు చార్జీ పడుతుంది, ఇంకా ముఖ్యంగా ఖాతా మొండి బాకీ కింద పడితే ఆ కాలానికి సబ్సిడీ పోతుంది, తర్వాతి విడత పోతుంది. మా రోడ్డులో కిస్తీ తప్పినవాళ్ళలో ఎక్కువమందికి డబ్బు లేక కాదు. డబ్బు డబ్బాలో ఉంది, ఖాతాలో లేదు. అందుకని డైలీ పద్ధతినే బ్యాంకు అప్పుకి వాడుకున్నాం. నెలకు 25 రోజులు బండి పెడతామనుకుంటే 888 రూపాయల కిస్తీకి రోజుకు 36 రూపాయలు. 20,000 అప్పుకి 18 నెలలు, కిస్తీ సుమారు 1,220, రోజుకు 49. 50,000కి 36 నెలలు, కిస్తీ సుమారు 1,661, రోజుకు 67. బండి కట్టేసే ముందు ఆ రోజు మొత్తాన్ని ఫోనులోంచి అప్పు ఖాతాకి కలిపి ఉన్న పొదుపు ఖాతాలో వేసేయడం. క్యూఆర్ డబ్బు పడే ఖాతా, కిస్తీ కోసుకునే ఖాతా ఒకటే అయితే ఆ పని కూడా తప్పుతుంది. కిస్తీ తేదీ ఎంచుకునే వీలుంటే నెల మొదట్లో వద్దు. అద్దె, సిలిండరు, పిల్లల ఫీజు అన్నీ అప్పుడే వస్తాయి. 15వ తేదీ అయితే ఊపిరి ఆడుతుంది.

మొదటి విడత డబ్బు దేనికి ఖర్చు పెట్టాలన్నది బండిని బట్టి ఉంటుంది. టిఫిన్ బండికి నేను సరుకుకే పెట్టమంటాను. రోజూ సందు చివర కొట్లో మూడు కిలోల మినప్పప్పు, ఆరు కిలోల ఇడ్లీ రవ్వ కొనడం మానేసి, టోకు కొట్లో బస్తా లెక్కన తెచ్చుకుంటే కిలోకి ఎనిమిది పది రూపాయలు తగ్గుతుంది. నూనె 15 కిలోల డబ్బా తీసుకుంటే ప్యాకెట్ల కన్నా కలిసొస్తుంది. ఆ మిగులుతోనే కిస్తీ వెళ్ళిపోతుంది. బస్తా పప్పు కొంటే మాత్రం నిల్వ చూసుకోవాలి. వానాకాలం తేమ తగిలితే పురుగు పడుతుంది. నేలకు ఆనకుండా చెక్క మీద పెట్టి, మూతి గట్టిగా కట్టాలి. మూడు వారాలకు సరిపడా కన్నా ఎక్కువ కొనొద్దు. రెండో విడత డబ్బు బండికి పెట్టవచ్చు: ఇరుసు, టైర్లు, పైన రేకు, స్టీలు పలక. యాభై వేలు వచ్చినప్పుడే గ్రైండరు, ఫ్రిజ్ లాంటి యంత్రాల జోలికి వెళ్ళాలి. మొదటి విడతలోనే పాత గ్రైండరు కొని, అది మూడో నెలలో కాలిపోయి, కిస్తీ మిగిలినవాళ్ళు ఉన్నారు.

క్యూఆర్ కోడ్ గురించి తప్పు లెక్కలు చాలా తిరుగుతున్నాయి. పథకంలో డిజిటల్ లావాదేవీలకు క్యాష్‌బ్యాక్ ఉంది. మేము తీసుకున్నప్పటి పద్ధతి ఇది: నెలలో 50 లావాదేవీలకు 50 రూపాయలు, ఇంకో 50కి 25, ఆ పైన ఇంకో 100కి మరో 25. మొత్తం నెలకు 100 రూపాయలు మించదు. మెలిక ఏమిటంటే, 25 రూపాయలు, ఆ పైన ఉన్న లావాదేవీయే లెక్కకు వస్తుంది. మన దగ్గర ఇరవై రూపాయల ప్లేటు తిని స్కాన్ చేసిన వంద మందీ లెక్కలో ఉండరు. రెండోది, స్కాన్ చేసే క్యూఆర్ స్వనిధి దరఖాస్తుతో కలిపినదై ఉండాలి. ఫోనులో సొంతంగా తీసుకున్న క్యూఆర్ ఎంత వాడినా క్యాష్‌బ్యాక్ పడదు. బ్యాంకులో అప్పు కాగితాల మీద సంతకం పెట్టే రోజే "డిజిటల్ ఆన్‌బోర్డింగ్ చేశారా?" అని అడిగి, కోడ్ అంటించుకుని రావాలి.

శిక్షణ గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే దీన్ని అందరూ ఒక పూట బేరం పోయిందని చూస్తారు. మున్సిపాలిటీ మెప్మా ద్వారా పెట్టిన ఆహార భద్రత శిక్షణ నా వరకు అప్పుకన్నా తక్కువది కాదు. ఒక పూట క్లాసు, టోపీ, ఆప్రాన్, చేతి తొడుగులు, చివర సర్టిఫికెట్. ఆహార భద్రత సంస్థ దగ్గర బేసిక్ రిజిస్ట్రేషన్ కూడా అప్పుడే చేయించారు. అప్పటి నియమం ప్రకారం ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న బండికి అదే సరిపోయేది. అప్పట్లో ఫీజు ఏడాదికి 100 రూపాయలు.

క్లాసులో చెప్పినదాంట్లో బండి మీద నిజంగా మార్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. నూనె సంగతి మొదటిది. ఒకే నూనెను మూడుసార్లకు మించి మరిగించొద్దన్నారు. నూనె పాడైందని కొలిచే లెక్కలో పోలార్ పదార్థాలు (నూనె మరిగే కొద్దీ అందులో పుట్టేవి) 25 శాతం దాటకూడదని నియమం. మన దగ్గర కొలిచే యంత్రం ఉండదు, కానీ కన్ను చాలు. బజ్జీ వేయగానే నూనె మీద బుడగలు పెద్దవిగా లేచి వెంటనే పగిలిపోతే నూనె బాగుంది. సన్నటి నురగ కట్టి, అది చాలాసేపు నిలబడి, నూనె జిగటగా గరిటెను పట్టుకుంటుంటే అయిపోయింది. పొగ రావడం అప్పటికే ఆలస్యం. పాత నూనెలో కొత్త నూనె కలిపితే కొత్తది కూడా తొందరగా పోతుంది, కాబట్టి పొద్దున్న పూరీలకి తక్కువ నూనె పోసుకుని, దాన్ని సాయంత్రం బజ్జీలకి వాడి ముగించేయాలి. వడకట్టడం తప్పనిసరి. అడుగున మాడిన శనగపిండి తునకలే నూనెను నల్లగా చేస్తాయి.

రెండోది వేడి. వేడిగా అమ్మేది 60 డిగ్రీల పైన ఉండాలి. సాంబారు సన్న సెగ మీద ఉంటే ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా కొబ్బరి చట్నీతోనే. ఎండాకాలం పొద్దున్న ఆరింటికి రుబ్బినది తొమ్మిదిన్నరకి పులుస్తుంది. అందుకే ఒకేసారి రుబ్బకుండా రెండు విడతలుగా చేసి, రెండో డబ్బా ఐసు పెట్టెలో ఉంచాలి. కాచి చల్లార్చిన నీళ్ళతోనే రుబ్బాలి. మూడోది న్యూస్‌పేపరు. అచ్చు సిరా తిండికి అంటుతుందని, పేపరులో చుట్టి ఇవ్వడాన్ని నిషేధించారు. అరిటాకు ముక్క వేసి తెల్లకాగితంలో కట్టడం మా రోడ్డంతా ఇప్పుడు అలవాటయింది. ఖర్చు ప్లేటుకి పావలా అర్ధ రూపాయి తేడా.

సిలిండరు సంగతి శిక్షణలో చెప్పలేదు, నేను చెబుతాను. బండి మీద ఇంటి సిలిండరు, అంటే 14.2 కిలోల ఎర్రది, వాడకూడదు. పట్టుకుంటే సిలిండరు పోతుంది, కేసూ పడుతుంది. 19 కిలోల వాణిజ్య సిలిండరు తీసుకోవాలి. డిపాజిటుకి ఒకేసారి డబ్బు కావాలి కాబట్టే చాలామంది ఇంటిది తెస్తారు. మొదటి విడత డబ్బులోంచి ఈ డిపాజిటు పక్కన పెట్టుకోవడం తెలివైన పని. చిన్న టీ బండికైతే 5 కిలోల సిలిండరు సరిపోతుంది.

అప్పు తీసుకున్న కుటుంబాలకి వేరే పథకాలు కలిపే పని కూడా మున్సిపాలిటీదే. స్వనిధి సే సమృద్ధి అని ఇంటింటి వివరాలు రాసుకుంటారు. అందులో ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవిత బీమా 436 రూపాయలు, రెండింటికీ 2 లక్షలు. జీవిత బీమాలో చేరడానికి వయసు 50 లోపు ఉండాలి. ఈ డబ్బు ఏటా మే నెలాఖరులో ఖాతాలోంచి కోసుకుంటుంది. ఆ వారంలో ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది, ఎవరూ చెప్పరు. మే 20 దాటాక ఒక 500 అందులో ఉంచండి.

గుర్తింపు కార్డు విలువ అప్పు దగ్గర ఆగిపోదు. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని చట్టంలో ఉంది. ఉన్న చోటు నుంచి మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సామాను పట్టుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. అడిగాక పాడయ్యే సరుకును అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. రోడ్డు విస్తరణ పేరుతో ఒకసారి మా వైపు బళ్ళు లాగేశారు. లాగేసేటప్పుడు కార్డు చూపించి, "జాబితా రాసివ్వండి సార్" అని అడిగినవాళ్ళ స్టవ్వులు, పెనాలు తిరిగి వచ్చాయి. పరుగెత్తి ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకి ఏది తమదో చెప్పడానికి ఆధారం లేకపోయింది. అందుకే బండి మీదున్న సామానుకి ఫొటో తీసి ఫోనులో ఉంచుకోవాలి, స్టవ్వు అడుగున పేరు చెక్కించుకోవాలి. కార్డు అసలుది ఇంట్లో, లామినేషన్ చేయించిన నకలు బండి మీద.

టౌన్ వెండింగ్ కమిటీలో ఎవరున్నారో కూడా తెలుసుకోండి. అధ్యక్షుడు కమిషనర్. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. ఏ రోడ్డు ఆకుపచ్చ జోను (అమ్ముకోవచ్చు), ఏది ఎరుపు (అమ్మకూడదు) అన్న నిర్ణయాలు ఈ కమిటీ ముందుకు వస్తాయి. సమావేశం తేదీ మా ప్రతినిధికే ముందు రోజు సాయంత్రం తెలిసిన సందర్భాలున్నాయి. అజెండా ఏమిటో వారం ముందే రాతపూర్వకంగా అడగడం మొదలుపెట్టాక పరిస్థితి మెరుగుపడింది.

2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం పథకాన్ని 2030 మార్చి 31 దాకా పొడిగించింది. ఇప్పుడు మొదటి విడత 15,000, రెండోది 25,000, మూడోది ఎప్పటిలాగే 50,000. రెండో విడత తీర్చినవాళ్ళకి యూపీఐకి కలిపే రూపే క్రెడిట్ కార్డు పెట్టారు. 15,000కి అదే 12 శాతం లెక్కన పన్నెండు నెలల కిస్తీ 1,333, రోజుకు 54 పక్కన పెట్టాలి. కార్డు విషయంలో ఒక్క మాట చెబుతాను. సరుకు కొనడానికి వాడి, గడువులోపు మొత్తం కట్టేస్తే మంచిదే. కనీస మొత్తం కట్టి మిగతాది వదిలేస్తే పడే వడ్డీ స్వనిధి వడ్డీ కాదు, దానికన్నా చాలా ఎక్కువ ఉంటుంది. పెళ్ళికో పండక్కో బట్టలు కొనడానికి ఆ కార్డు తీయొద్దు.

ఒక విడత తీరాక తర్వాతిది దానంతట అది రాదు. బ్యాంకులో పాత అప్పు ఖాతా మూసినట్టు కాగితం తీసుకుని, పోర్టల్‌లో కూడా మూసినట్టు కనబడుతోందో లేదో చూడాలి. మా దగ్గర అయిదుగురికి బ్యాంకులో తీరిపోయినా అందులో బాకీ ఉన్నట్టే చూపించింది. ఆఖరి కిస్తీ తర్వాత మిగిలిన పదకొండు, ఇరవై రూపాయల వడ్డీ చిల్లర కట్టకపోవడమే కారణం. కౌంటరు దగ్గర "పూర్తిగా సున్నా చేసి ఇవ్వండి" అని అడిగి కట్టాలి. ఆ తర్వాత మళ్ళీ ఆర్పీ దగ్గరికి వెళ్ళి కొత్త దరఖాస్తు.

కొత్త సర్వే ఎప్పుడని మున్సిపల్ ఆఫీసులో అడుగుతూనే ఉన్నాం. ఈసారి సాయంత్రం బళ్ళు జారిపోకుండా మేమే ముందు జాబితా రాశాం: పేరు, ఏం అమ్ముతారు, ఏ స్తంభం దగ్గర, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా. బస్టాండు గేటు నుంచి కాలవ వంతెన దాకా 41 బళ్ళు. అందులో 19 సాయంత్రం ఆరు తర్వాత పెట్టేవి. సర్వే సిబ్బందిని రెండు సాయంత్రాలు రాత్రి తొమ్మిది దాకా పంపమని అర్జీ రాసి, జాబితా జతచేసి, కమిషనర్ గారి ఆఫీసులో ఇచ్చి ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకున్నాం. రెండో ప్రతి నూడుల్స్ బండి తమ్ముడి దగ్గర ఉంది. వాడి పేరే ఆ జాబితాలో మొదటిది.